ఇంట్లో తైక్వాండో, 6వ పాఠం: తేగుక్ ఇల్ జాంగ్‌లో మొదలుపెట్టిన చోటికే తిరిగి రావడం

ఈసారి తేగుక్ 'ఈ జాంగ్' (రెండో పూమ్సే, అంటే వరసగా చేసే కదలికల కూర్పుల్లో రెండోది) మొదలుపెడదామని పోయిన పాఠం చివర అన్నాను. మొదలుపెట్టడం లేదు. 5వ పాఠం చదివి, ఇల్ జాంగ్ (మొదటి పూమ్సే) చేసి మీరు పంపిన వీడియోలన్నీ చూశాక రెండో పూమ్సేకి వెళ్లడానికి మనసొప్పలేదు. చేతుల విషయంలో నాకు ఫిర్యాదు లేదు. పద్దెనిమిది కదలికలూ అందరికీ వరసగా గుర్తున్నాయి. చివరి పంచ్ దగ్గర కిహాప్ (అరుపు) కూడా చాలామంది గట్టిగానే వేశారు. కానీ దాదాపు ఎవరూ మొదలుపెట్టిన చోట ఆగలేదు. ఒక అబ్బాయికి చివరి పంచ్ దగ్గర గోడ అడ్డొచ్చి చెయ్యి సగంలో ఆగిపోయింది. ఒకావిడ ఎడమకు జరుగుతూ జరుగుతూ వచ్చి, ఆఖరికి ఫోన్‌లో ఒక భుజం మాత్రమే కనిపించేలా నిలబడ్డారు.

'గది చిన్నది, చోటు చాలలేదు' అని చాలామంది రాశారు. చోటుకీ దీనికీ సంబంధం లేదు. తేగుక్ పూమ్సేలు ఎనిమిదీ మొదలైన చోటే ముగిసేలా కూర్చారు. మీరు వేసే అడుగుల కొలత సమానంగా ఉంటే తిరిగి అక్కడికే వస్తారు, రాకపోతే ఏదో ఒక అడుగు తేడా కొట్టినట్టే. ఇంట్లో మాస్టర్ లేకుండా నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే నిక్కచ్చిగా తప్పు చూపించేది ఇంకోటి లేదు. అందుకే ఈ పాఠమంతా పాదాల గురించే. పిడికిలి, బెల్ట్ ముడి, జూన్‌బి (మొదలుపెట్టే ముందు నిలబడే తీరు), బ్లాక్‌లకు చేతులు ఎక్కడి నుంచి మొదలవ్వాలి అన్నవి మళ్లీ చెప్పను, 1 నుంచి 3 పాఠాల్లో ఉన్నాయి.

ముందు ఒక పని చెయ్యండి. డాబా మీదకి వెళ్లి, చెప్పులు విప్పి జూన్‌బిలో నిలబడండి. మీ కుడి పాదం చుట్టూ సుద్దముక్కతో గీత గీయమని ఎవరినైనా అడగండి. ఎడమ పాదం చుట్టూ అక్కర్లేదు. ఇప్పుడు మామూలుగా పూమ్సే మొత్తం చేసి, 18వ కదలిక అయ్యాక కదలకుండా కిందికి చూడండి. ఇల్ జాంగ్ సరిగ్గా చేస్తే ఆఖరి పంచ్‌లో కుడి పాదం వెనక్కి తిరిగి ఉంటుంది కానీ ఆ సుద్ద గీత మీదే పడుతుంది. ఆ తర్వాత 'బారో' (మొదటి స్థితికి రండి) అన్నప్పుడు అదే పాదం మీద ఎడమకు తిరిగి, ఎడమ కాలు పక్కకు తెచ్చుకుంటే మొదట నిలబడ్డట్టే నిలబడతారు.

డాబా అని ఎందుకంటున్నానంటే, మెత్తటి మ్యాట్ మీద పాదం జారినా తెలియదు, సిమెంట్ మీద వెంటనే తెలుస్తుంది. పోటీలు మ్యాట్ మీదే జరుగుతాయి, నిజమే. అయినా అడుగు కొలత నేర్చుకోవడానికి నా ఓటు గచ్చుకే.

ఇప్పుడు తేడా ఎక్కడ వస్తుందో చూద్దాం. ఇల్ జాంగ్ దారిని కాగితం మీద వేస్తే మూడు అడ్డగీతలు, వాటిని కలుపుతూ ఒక నిలువు గీత వస్తాయి. 1 నుంచి 4 దాకా మొదటి అడ్డగీత. 5వ కదలికకు ముందుకు వచ్చి అప్ కుబిలో (ముందు మోకాలు వంచి నిలబడే పొడుగాటి స్టాన్స్) అరే మక్కి (కిందికి వేసే బ్లాక్), కాళ్లు కదలకుండానే 6వది పంచ్. 7 నుంచి 10 రెండో అడ్డగీత. 11కి మళ్లీ ముందుకు, 12 పంచ్. 13 నుంచి 16 మూడో గీత, అప్ చాగిలు (ముందుకు కొట్టే కిక్‌లు) ఉన్నది దీని మీదే. 17, 18 వెనక్కి. అంటే ముందుకు రెండు అప్ కుబిలు, వెనక్కి రెండు అప్ కుబిలు. ముందుకు వేసినవి పొట్టిగా, కిహాప్ ఊపులో వెనక్కి వేసినవి పొడుగ్గా ఉంటే గీత దాటి వెనక్కి పోతారు. గోడ అడ్డొచ్చిన అబ్బాయికి జరిగింది ఇదే. దీన్ని సరిచేయడం తేలిక. నాలుగు అప్ కుబిలూ ముందు కాలి వేళ్ల నుంచి వెనక మడమ దాకా మీ పాదంతో నాలుగు నుంచి నాలుగున్నర పాదాలు ఉండేలా చూసుకుంటే చాలు.

పక్కకు జరిగిపోవడం మాత్రం అంత తేలిగ్గా దొరకదు. మీలో ఎక్కువమంది జరిగింది ఎడమకే. అందరూ కారణాన్ని ఒకే చోట, తప్పు చోట వెతుకుతున్నారు. 'కిక్ తర్వాత కాలు దూరంగా పడుతోంది, అందుకే జరుగుతున్నాను' అని రాశారు. కాదు. కాస్త ఓపిగ్గా చదవండి, వీలైతే లేచి నిలబడి చేస్తూ చదవండి.

మొదటి గీత తీసుకోండి. 1వ కదలికలో కుడి పాదం ఉన్నచోటే తిరుగుతుంది, ఎడమ కాలు ఎడమ వైపుకి పడుతుంది. 2లో కుడి కాలు ముందుకు వేసి పంచ్. 3లో వెనక ఉన్న ఎడమ పాదం మీద కుడివైపుగా 180 డిగ్రీలు తిరుగుతారు, కుడి కాలు లేచి అటుపక్క పడుతుంది. ఇక్కడే ఆగి ఆలోచించండి. 2లో కుడి కాలు ఎంత దూరం వేశారన్నది ఇప్పుడు లెక్కలో లేదు, ఎందుకంటే ఆ కాలు అక్కడి నుంచి లేచిపోయింది. తిరిగింది ఎడమ పాదం మీద. ఆ ఎడమ పాదం ఎక్కడుందో నిర్ణయించింది 1వ అడుగు. కుడి పాదం తన పాత చోటికి రావాలంటే 3వ అడుగు సరిగ్గా 1వ అడుగంతే ఉండాలి. 4 కూడా అంతే, అక్కడ పడ్డ ఎడమ కాలు 5లో లేచిపోతుంది.

అంటే పక్కకు జరగడాన్ని తేల్చేవి జంటలు: 1కి 3, 7కి 9, 13కి 15. ఈ జంటల్లో రెండు అడుగులూ ఒకే కొలతలో ఉండాలి. 2, 4, 8, 10, 14, 16 అడుగులు మీరు ఆగే చోటును మార్చవు. వాటిని ఎలాగైనా వెయ్యొచ్చని కాదు, స్టాన్స్ పాడైతే అక్కడా మార్కులు పోతాయి. కానీ జరిగిపోవడానికి కారణం అవి కావు.

జంటలో రెండోది ఎప్పుడూ 180 డిగ్రీల తిరుగుడే. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఈ తిరుగుడు. వెనక ఏముందో కనిపించకముందే కాలు లేపుతారు. కనిపించనిచోట కాలు ధైర్యంగా పడదు, దగ్గరగా పడుతుంది. అడుగు పొట్టిదైపోతుంది. మొదటి గీత మీద 3వ అడుగు పొట్టిదైతే ఎడమకు జరుగుతారు. రెండో గీత కుడివైపు మొదలవుతుంది కాబట్టి అక్కడ 9వ అడుగు పొట్టిదైతే కుడికి జరుగుతారు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, 11వ కదలిక దగ్గర మీరు మధ్యలోనే ఉన్నట్టు కనిపిస్తారు. మూడో గీత మీద 15 పొట్టిదై మళ్లీ ఎడమకు వెళ్తారు. అప్పుడే తేడా బయటపడుతుంది. మూడో గీతలో కిక్ ఉంది కాబట్టి నేరం కిక్ మీదకి పోతోంది. తప్పు మాత్రం మొదటి గీత నుంచీ ఉంది.

తిరగడం ఇలా చెయ్యండి. ముందు తల తిప్పి, వెళ్లబోయే వైపు కళ్లతో చూడండి. వెనక పాదం మడమ కాస్త తేల్చి, వేళ్ల మొదట్లో ఉండే మెత్త మీద తిరగండి. మడమ మీద తిరిగితే ఒళ్లు వెనక్కి వాలుతుంది, అడుగు పొట్టిదవుతుంది, పైగా పాదం మొత్తం చోటు మారుతుంది. లేపిన కాలు తిన్నగా గాల్లో చక్రంలా తిప్పకండి. తిరిగే కాలి చీలమండకు దగ్గరగా లాక్కుని అక్కడి నుంచి ముందుకు వెయ్యండి. కాలు నేలను తాకడం, బ్లాక్ ఆగడం రెండూ ఒకేసారి. కాలు పెట్టేసి, ఆ తర్వాత చెయ్యి ఊపేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. 9లో ఇది మరీ ఎక్కువ, అక్కడ చెయ్యి మారుతుంది కాబట్టి. కాలు ఎడమది ముందుకొస్తుంది, మోమ్‌తోంగ్ మక్కి (ఒంటి మధ్య ఎత్తులో వేసే బ్లాక్) కుడి చేత్తో. ఆ ఆలోచనలో పడి అడుగును పట్టించుకోరు. 3లో అదే వైపు చెయ్యి, కాబట్టి కాస్త నయం. 15లో ఒల్గుల్ మక్కి (ముఖం ఎత్తు బ్లాక్) పైకి వెళ్లేటప్పుడు భుజాలు కూడా పైకి లేచిపోయి కాలు మరీ దగ్గరగా పడుతోంది. భుజం కిందికి దించి చేసి చూడండి, అడుగు దానంతటదే సరైన చోట పడుతుంది.

కిక్ వల్ల అసలు నష్టం లేదా అంటే, ఒకటుంది. 14లో కుడి కాలితో అప్ చాగి కొట్టేటప్పుడు నిలబడ్డ ఎడమ పాదం ముందుకు ఈడ్చుకుపోతే, 15లో తిరిగే చోటే మారిపోతుంది. కుడికాలి వాటం ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ. ఎత్తుకు ఆశపడకుండా పొట్ట ఎత్తులో కొట్టి, మోకాలు మడిచి వెనక్కి లాక్కుని, అప్పుడు కాలు దించండి. నేనైతే కొత్తవాళ్లకు మొదటి నెలంతా నడుం దాటి కిక్ కొట్టనివ్వను.

17 గురించి ఒక్క మాట. 16 అయ్యాక మీ ముఖం కుడివైపు, ఎడమ కాలు ముందు ఉంటాయి. అక్కడి నుంచి కుడికే ఇంకో 90 డిగ్రీలు తిరగాలి, ఎడమ కాలు కదలాలి. చాలామంది ఎడమకు చుట్టూ తిరిగి వస్తున్నారు. దారి దగ్గర ఉండగా అంత తిరుగుడు ఎందుకు?

ఇంకో చిక్కు నాకు వీడియోలు చూస్తుంటే అర్థమైంది. కొందరి అప్ సొగి (అడ్డగీతల మీద వేసే పొట్టి స్టాన్స్) అసలు అప్ సొగి కాదు, బారెడు పొడుగుంది. 'వాకింగ్ స్టాన్స్' అని వెతికి చూశారట. అక్కడే తేడా కొట్టింది. జనరల్ చోయ్ హాంగ్ హీ 1966లో పెట్టిన ఐటీఎఫ్ (ఇంటర్నేషనల్ తైక్వాండో ఫెడరేషన్) పద్ధతిలో వాకింగ్ స్టాన్స్ అంటే మోకాలు వంచిన పొడుగాటి స్టాన్స్, దాదాపు మన అప్ కుబి లాంటిది. మనం నేర్చుకుంటున్నది సియోల్‌లో 1972లో మొదలైన కుక్కివాన్ (తైక్వాండో ప్రధాన కేంద్రం) పద్ధతి. ఇందులో అప్ సొగి అంటే నడుస్తూ నడుస్తూ ఆగినంతే: ముందు మడమకీ వెనక వేళ్లకీ మధ్య మీ పాదమంత ఖాళీ, రెండు మోకాళ్లూ తిన్నగా. ఐటీఎఫ్‌లో మొదటి పాటర్న్ చోన్ జీ, దానికి 19 కదలికలు, కదిలేటప్పుడు ఒళ్లు పైకీ కిందికీ ఊగే తీరు కూడా వేరు. ఆ పద్ధతికి దాని విలువ దానికుంది. రెండూ కలిపి చేస్తే మాత్రం ఏ గ్రేడింగ్‌లోనూ నెగ్గలేరు. ఈ పాఠాలు పూర్తయ్యేదాకా దయచేసి ఒకే పద్ధతి వీడియోలు చూడండి.

గ్రేడింగ్ అంటే గుర్తొచ్చింది. 'ఇల్ జాంగ్ వస్తే ఎల్లో బెల్ట్ వచ్చినట్టేనా' అని అడుగుతున్నారు. బెల్ట్ నేను ఇవ్వలేను, ఇంట్లో నేర్చుకున్నంత మాత్రాన రాదు. కలర్ బెల్ట్‌ల గూప్ స్థాయిలు మీరు వెళ్లే క్లాసులో మాస్టర్ పరీక్ష పెట్టి ఇస్తారు, ఏ బెల్ట్‌కి ఏ పూమ్సే అన్నది క్లాసును బట్టి కొద్దిగా మారుతుంది. బ్లాక్ బెల్ట్ దగ్గర నుంచి కుక్కివాన్ సర్టిఫికెట్ లెక్క: 15 ఏళ్లలోపు పిల్లలకు పూమ్, పెద్దవాళ్లకు డాన్. 1వ డాన్ నుంచి 2కి కనీసం ఒక ఏడాది, 2 నుంచి 3కి రెండేళ్లు, 3 నుంచి 4కి మూడేళ్లు ఆగాలి. ఏళ్ల తరబడి సాగే ఈ ప్రయాణంలో ఇల్ జాంగ్ దగ్గర ఇంకో రెండు వారాలు ఆగితే పోయేదేమీ లేదు. బ్లాక్ బెల్ట్ పరీక్షకు వెళ్లేనాటికి ఎనిమిది తేగుక్‌లూ మీకు రావాలి, వాటిలో దేన్నైనా చెయ్యమని అడగొచ్చు. ఇప్పుడు పొట్టిగా వేసే ఈ అడుగు అప్పటికి ఎనిమిదింటిలోకీ పాకిపోయి ఉంటుంది. పోటీల సంగతి తీసుకున్నా, పూమ్సేకి ఇచ్చే 10 మార్కుల్లో 4 కచ్చితత్వానికే. చిన్న తప్పుకు 0.1, పెద్ద తప్పుకు 0.3 తీసేస్తారు.

ఇక సాధన. ఈసారి కష్టంగానే ఇస్తున్నాను.

ముందు మూడు రోజులు చేతులు వాడొద్దు. రెండు పిడికిళ్లూ నడుం దగ్గర పెట్టుకుని కాళ్లతో మాత్రమే పూమ్సే చెయ్యండి. ఒక్కో అడ్డగీతకూ తిరిగే పాదం చుట్టూ సుద్దతో గుర్తు పెట్టుకోండి. మొదటి గీతకు కుడి పాదం. రెండో గీతకు ఎడమ పాదం, అంటే 5లో ముందుకు పడింది. మూడో గీతకు మళ్లీ కుడి, 11లో పడింది. ఏ గీతకాగీత విడిగా చేసి, పాదం గుర్తు మీదకి వచ్చాకే తర్వాతి గీతకు వెళ్లండి. మొత్తం ఒకేసారి చేస్తే రెండో గీత మొదటి గీత తప్పును దాచేస్తుందని పైన చెప్పాను కదా, అందుకే.

నాలుగో రోజు నుంచి చేతులతో కలిపి చెయ్యండి, కానీ నెమ్మదిగా. ఒక్కో కదలికకు హనా, దుల్, సెత్ అని లెక్కపెడుతూ, ప్రతి స్టాన్స్‌లో ఒక ఊపిరి ఆగండి. పాట పెట్టుకుని చెయ్యకండి, పాట వేగం మీ అడుగును తినేస్తుంది. ఇలా వరసగా పదిసార్లు చేసి, పదిసార్లూ కుడి పాదం సుద్ద గీత మీదే ఆగాలి. తొమ్మిదోసారి తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, అరవై దాటినవాళ్లు ఐదుసార్లు చేస్తే చాలు, అప్ కుబి కూడా కొంచెం పొట్టిగా వెయ్యొచ్చు, నాలుగూ ఒకే కొలతలో ఉంటే సరి.

ఈసారి వీడియో తీసేటప్పుడు ఫోన్ ముందు కాకుండా కాస్త ఎత్తులో, మీ పాదాలూ సుద్ద గీతా కనిపించేలా పెట్టండి. ముఖం కనిపించకపోయినా ఫర్వాలేదు.

పది సార్లూ కుదిరినవాళ్లు రెండో పూమ్సే ఈ జాంగ్‌కి సిద్ధంగా ఉండండి. దానిలో అడ్డగీతల మీద కూడా అప్ కుబి వస్తుంది. ఒకే గీతలో ఒక అడుగు పొట్టిది, ఒక అడుగు పొడుగుది వేసి, తిరిగి మళ్లీ పొట్టిది వెయ్యాల్సి ఉంటుంది.