పసిపాప ‘ఊ’ అన్నా జవాబే

నల్లగొండ వైపు బత్తాయిలు ఇంటికి వచ్చాయంటే తొక్క తీసే పని ఉండనే ఉంటుంది. ఆ పని చేస్తూనే పక్కనున్న పాపతో మాట్లాడండి: ‘ఇదిగో తొక్క, ఇది తొన, ఇది గింజ.’ తర్వాత కాసేపు ఆగండి. పాప ‘ఊ’ అన్నా, చేయి చాపినా అదే జవాబు. దానికి మళ్లీ బదులివ్వండి. అసలు కిటుకు ఈ ఆగడంలోనే ఉంది. టీవీ ఎంత మాట్లాడినా పాప కోసం ఆగదు.

మూడేళ్లకే మెదడు పరిమాణం పెద్దవారి మెదడులో దాదాపు 80 శాతానికి చేరుతుంది, కాబట్టి బడి దాకా ఎదురుచూడవద్దు. మూడు, నాలుగేళ్ల పిల్లలతో ‘మేక, కేక, చెట్టు, గట్టు’ అంటూ ప్రాసల ఆట ఆడండి. మాటలోని ధ్వనులను చెవి గుర్తుపడితే తర్వాత చదవడం సులువవుతుంది. గింజలు మాత్రం పాప చేతికి అందనివ్వకండి, గొంతులో అడ్డుపడతాయి.