అద్దె ఇళ్ల అపార్ట్‌మెంటుకు సోలార్: ముందు కామన్ మీటరు సంగతి చూడండి

మహబూబ్‌నగర్‌లో నాకు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. ఉండేది మాత్రం అద్దెకు, ఒక పాత అపార్ట్‌మెంటు పై అంతస్తులో. మొత్తం 24 ఇళ్లు, అందులో పదిహేనింటిలో అద్దెవాళ్లమే. ఆటో నడిపేవాళ్లు, మిషను కుట్టేవాళ్లు, బస్టాండు దగ్గర పళ్లు అమ్మేవాళ్లు. మా డాబా మీద నాలుగు కిలోవాట్ల సోలార్ ఎలా పెట్టించామో ఎవరు అడిగినా చెబుతూనే ఉన్నాను. ఈసారి రాసిపెడుతున్నాను.

సోలార్ అనగానే అందరూ ఇంటి బిల్లు గురించే అడుగుతారు. ఆ ఆలోచన పక్కన పెట్టండి. ఆహార భద్రత కార్డు ఉండి, నెలకు 200 యూనిట్లు దాటని ఇంటికి తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి సున్నా బిల్లే వస్తోంది. సున్నాలో ఏం తగ్గిస్తారు? మనల్ని పీడించేది కామన్ మీటరు. బోరు మోటారు, మెట్ల దీపాలు దాని మీదే నడుస్తాయి. దానికి సున్నా బిల్లు లేదు. ఒక ఎండాకాలం కొందరు మెయింటెనెన్స్ కట్టక ఆ బిల్లు రెండు నెలలు నిలిచిపోయింది. ఫ్యూజు పీకేశారు. నాలుగు రోజులు ట్యాంకరు నీళ్లు బిందెలతో మూడంతస్తులు మోసుకున్నాం.

కాబట్టి మొదటి పని, కామన్ మీటరు బిల్లులు ఏడాదివి ముందు వేసుకుని కూర్చోవడం. మాకు నెలకు సగటున 450 యూనిట్లు, దాదాపు 3,500 రూపాయలు వచ్చేది. ఎక్కడ పోతోందో కూడా లెక్క కట్టండి. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. మూడు హెచ్‌పీ మోటారు కాగితం మీద గంటకు రెండుంపావు యూనిట్లు తాగాలి, నిజానికి మూడు దాకా తాగుతుంది. నాలుగైదు సార్లు వైండింగ్ చేసినదైతే ఇంకా ఎక్కువ (నా వ్యాపారాన్ని నేనే తిట్టుకుంటున్నాను, అయినా నిజం నిజమే). మెట్ల దగ్గర ట్యూబులైట్లుంటే ముందు అవి తీసి ఎల్‌ఈడీలు పెట్టండి. ట్యాంకు పొంగిపోతుంటే ఫ్లోటు స్విచ్ బిగించండి. ఆ తర్వాతే ఎన్ని కిలోవాట్లు కావాలో తేల్చుకోండి. మన ఎండకు ఒక కిలోవాటు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది, దానికి దాదాపు వంద చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి.

నీడ సంగతి సుద్దముక్కతో తేల్చాను. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, నీడలు ఉత్తరానికి సాగుతాయి. ఒక ఆదివారం ఉదయం తొమ్మిదికి, పన్నెండుకు, మూడుకు నీళ్ల ట్యాంకు నీడ చుట్టూ గీత గీశాను. ఎనిమిదడుగుల ట్యాంకు నీడ నడిమధ్యాహ్నం కూడా ఏడడుగుల దాకా పడింది. పిల్లలు ఆ గీతల్లో తొక్కుడుబిళ్ల ఆడుకున్నారు. గీతలు వదిలేసి, ట్యాంకుకు దక్షిణాన సోలార్ పలకలు పెట్టించాం, ముఖాలు దక్షిణానికే.

స్టాండు ఎనిమిదడుగుల ఎత్తున కట్టమన్నాను. ఖర్చు కొంచెం పెరుగుతుంది, కానీ డాబా మీద బట్టలు, మిరపకాయలు, వడియాలు ఆరబెట్టేవాళ్లు ఒప్పుకోకపోతే ఏ సోలారూ నిలవదు. ఎత్తు పెరిగితే గాలి పట్టూ పెరుగుతుంది. మే నెల గాలివాన సంగతి తెలిసిందే కదా, పునాది దిమ్మెలు బరువుగా పోయించండి. స్లాబులోకి బోల్టులు దింపనివ్వకండి. పక్క వీధిలో ఒక బిల్డింగుకు అలాగే దింపితే తర్వాతి వాన నేరుగా పై ఇంటి మంచం మీదే కురిసింది. పై అంతస్తులో ఉండేవాణ్ని, ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్నే.

డబ్బు సంగతి. కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకంలో విడి ఇంటికి రాయితీ మూడు కిలోవాట్లకు 78,000 రూపాయలు. అపార్ట్‌మెంటు సంఘానికి కామన్ అవసరాల కోసమైతే కిలోవాటుకు 18,000. సంఘం రిజిస్టరై, దాని పేర బ్యాంకు ఖాతా ఉండాలి. దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన పలకలకే రాయితీ, పోర్టల్‌లో నమోదైన వెండరే బిగించాలి. రాయితీ పని పూర్తయ్యాకే వస్తుంది కాబట్టి మొత్తం డబ్బు ముందే చేతిలో ఉండాలి. మాకు 2,40,000 అయింది. రాయితీ 72,000 పోగా ఇంటికి 7,000 పడింది.

ఆ 7,000 ఎవరివి? అసలు గొడవంతా ఇక్కడే. ఓనర్లవే, అద్దెవాళ్లను అడగకూడదు. కానీ "లాభం మీకు, ఖర్చు మాకా?" అన్నారు ఓనర్లు. నెలకు మిగిలేది ఇంటికి 125 రూపాయలు. అందులో 100 ఓనర్ల బాకీకి, 25 మెయింటెనెన్స్‌లో తగ్గింపు అని రాసుకున్నాం. ఆరేళ్లలోపే బాకీ తీరుతుంది, ఆపైన తగ్గింపు మొత్తం అందరిదీ. సోలార్ పేరు చెప్పి అద్దె పెంచకూడదని రిజిస్టరులో రాయించి సంతకాలు పెట్టించాను. పాతిక రూపాయలకా ఇంత రభస అని నవ్వారు కొందరు. బిందె మోసిన భుజాన్ని అడగమన్నాను.

నెట్ మీటరుకు (మనం వాడిన కరెంటును, పలకల నుంచి లైనుకు పోయిన కరెంటును రెంటినీ లెక్కేసే మీటరు) దరఖాస్తు వెండరే పెడతాడు, కానీ కామన్ మీటరుకు మంజూరైన లోడు ఎంతో మీరు ముందే చూసుకోండి. కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుందని అందరికీ ముందే చెప్పండి. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా సోలార్ ఇన్వర్టర్ (పలకల కరెంటును మోటారుకు, దీపాలకు పనికొచ్చేలా మార్చే పెట్టె) తనంతట తానే ఆగుతుంది. చెప్పకపోతే మొదటి కోతకే "చెడిపోయింది" అని మీ తలుపు తడతారు.

కడగడం తెల్లవారుజామునే. ఎండకు వేడెక్కిన పలక మీద చల్లని నీళ్లు పోయకూడదు. మా బోరు నీళ్లు ఆరితే తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది, అందుకే కడిగిన వెంటనే పాత నూలు చీరతో తుడిచేస్తాం. వైర్లన్నీ పైపుల్లోనే ఉండాలి. కోతులు మొదటి వారంలోనే ఒక వైరు లాగి చూశాయి. డాబా తాళంచెవి ఇప్పుడు రెండో అంతస్తులో మిషను కుట్టే అక్క దగ్గర ఉంటుంది. ఎందుకంటే పగలంతా ఇంట్లో ఉండేది ఆమె ఒక్కతే.