ఇంట్లోనే కళ్లద్దాల క్లీనర్ తయారు చేసుకోవడం ఎలా?

అద్దాలు మసకబారగానే చొక్కా అంచుతోనో, చీర కొంగుతోనో తుడిచేయడం చాలామందికి అలవాటు. లెన్సుల మీద గీతలు పడేది ఎక్కువగా అక్కడే. ఇప్పుడు కళ్లజోళ్లకు వేసేవి చాలావరకు ప్లాస్టిక్ లెన్సులు. వాటి మీద పడే దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, అవి ప్లాస్టిక్ కన్నా గట్టివి. పొడిగా రుద్దితే ఆ రేణువులే గీసేస్తాయి. పడిన గీతను ఏ క్లీనరూ పోగొట్టలేదు. కాబట్టి ముందు దుమ్ము వదలాలి, ఆ తర్వాతే జిడ్డు సంగతి.

రోజూ ఇంట్లో: గిన్నెలు తోమే లిక్విడ్

నన్నడిగితే ఇంతకు మించిన క్లీనర్ లేదు. తలనూనె, చెమట, ముఖానికి రాసుకునే క్రీములు కలిసి లెన్సు మీద పొరలా పేరుకుంటాయి. ఉత్త నీళ్లకు ఆ జిడ్డు వదలదు.

1. చేతులు కడుక్కోండి. వేళ్లకున్న నూనె మళ్లీ లెన్సుకు అంటకూడదు.
2. కుళాయి ధార కింద కళ్లజోడు పట్టి దుమ్మంతా పోనివ్వండి. నీళ్లు చల్లగానో, గోరువెచ్చగానో ఉండాలి. వేడినీళ్లు వద్దే వద్దు. వేడికి ప్లాస్టిక్ సాగినంతగా పైనున్న కోటింగు సాగలేదు, సన్నగా పగుళ్లిస్తుంది. ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద కళ్లజోడు వదిలేసినా ఇదే ప్రమాదం.
3. ఒక్క చుక్క లిక్విడ్ వేలికొనతో రెండు వైపులా మెల్లగా రాయండి. ముక్కు మీద ఆనే ప్యాడ్లనూ, చెవుల మీద ఆనే కాడలనూ మరవకండి, మురికి అక్కడే ఎక్కువ.
4. బాగా కడిగి, నీళ్లు దులిపి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి.

స్నానం సబ్బు మాత్రం వాడొద్దు. బోరు నీళ్లలోని లవణాలతో కలిసి అది తెల్లటి తెట్టులా పేరుకుంటుంది. మీ ఇంట్లో బోరు నీళ్లే అయితే చివరిసారి ఫిల్టరు నీళ్లతో కడగండి. లేకపోతే ఆరాక ఉప్పు మరకలు మిగులుతాయి.

బయటికి వెళ్లేటప్పుడు: స్ప్రే

చిన్న స్ప్రే సీసాలో 70% ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 50 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 50 మిల్లీలీటర్లు పోసి, గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు వేసి మెల్లగా తిప్పండి. అంతకన్నా ఎక్కువ లిక్విడ్ వేస్తే లెన్సు మీద చారలు పడతాయి. ఆల్కహాల్ మెడికల్ షాపులో దొరుకుతుంది, లేబుల్ చదివి తీసుకోండి. చేతుల శానిటైజర్ దీనికి బదులు పనికిరాదు. చాలావాటిలో గ్లిసరిన్ ఉంటుంది, అది లెన్సు మీద మరకలా నిలిచిపోతుంది.

సీసా మీద పేరు రాసి అంటించండి. ఈ ద్రావణానికి నిప్పంటుకుంటుంది కాబట్టి పొయ్యికి దూరంగా, పిల్లలకు అందకుండా పెట్టండి. వాడేటప్పుడు దుమ్ము ఊది తుడిచేయకుండా, లెన్సు బాగా తడిసేలా కొట్టి, దుమ్ము కిందికి జారాక గుడ్డ ఆనించండి. ఫ్రేమ్ మీద పడనివ్వకండి, కొన్ని ప్లాస్టిక్ ఫ్రేముల మెరుపును ఆల్కహాల్ పోగొడుతుంది. మీ లెన్సు కోటింగుకు ఆల్కహాల్ పడుతుందో లేదో కళ్లద్దాల షాపులో ఒక మాట అడగడం మంచిది.

ఇవి వద్దు

వెనిగర్, నిమ్మరసం, అమోనియా ఉండే కిటికీ అద్దాల క్లీనర్లు, నెయిల్ పాలిష్ రిమూవర్ కోటింగునో, లెన్సునో దెబ్బతీస్తాయి. గీతలు పోతాయని టూత్‌పేస్టు, వంటసోడా రుద్దమని చెప్పేవాళ్లను అస్సలు నమ్మకండి. ఆ రెండూ అరగదీసే పదార్థాలు, ఉన్న గీత పోకపోగా చుట్టూ ఉన్న కోటింగు లేచిపోతుంది. టిష్యూ పేపరు కూడా గరుకే.

మైక్రోఫైబర్ గుడ్డను వారానికోసారైనా ఉతకండి, కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ కండిషనర్ కలపకుండా. అది గుడ్డలో మిగిలి లెన్సుకు అంటుకుంటుంది. ఇంత చేసినా మసక అలాగే ఉంటే లెన్సును వెలుతురులో పక్కకు వంచి చూడండి. సాలెగూడు లాంటి సన్నని గీతలు కనిపిస్తే అది మురికి కాదు, కోటింగు చెడింది. ఇక రుద్దడం ఆపి లెన్సులు మార్పించుకోవాలి.