గజ్జల్లో బిళ్ల కడితే ముందు పాదం చూడండి: గిరిప్రదక్షిణకు వెళ్ళేవారికి జాగ్రత్తలు

ఏటా ఆషాఢ పౌర్ణమికి ముందు వచ్చే చతుర్దశి నాడు సింహాచలం తొలిపావంచా (కొండ మెట్లలో మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు చెప్పులు లేకుండా నడవడానికి విశాఖలో ఇంటికొకరైనా సిద్ధమవుతూ ఉంటారు. ఆ నడక అయిన మూడో రోజో నాలుగో రోజో తొడ మొదట్లో నొప్పిగా ఒక గడ్డ చేతికి తగిలితే, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక భయపడేవారు చాలామంది. వారి కోసం నడకకు ముందే ఈ మాటలు రాస్తున్నాను.

కొన్నేళ్ళ కిందట నా సంగతీ అంతే. హనుమంతవాక దాటేసరికి కుడి మడమ మీద బొబ్బ లేచింది. అప్పుఘర్ దగ్గర సముద్రంలో కాళ్ళు తడుపుకుని అలాగే నడిచాను. గోపాలపట్నం చేరేలోపు బొబ్బ చితికింది. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని పడుకున్నాను, దాన్ని మళ్ళీ చూసుకోలేదు. నాలుగో రోజు స్నానం చేస్తుంటే కుడి గజ్జలో రేగిపండంత బిళ్ల తగిలింది. క్యాన్సరేమో అనుకున్నాను. పది రోజులు గంటకోసారి దాన్ని నొక్కి చూసుకున్నాను. చివరికి డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన బిళ్ల మీద చేయి వేయకముందే "ఏదీ, మడమ చూపించండి" అన్నారు. అక్కడ చీము పట్టి ఉంది.

కాలి నుంచి, పిరుదుల నుంచి, మర్మాంగాల నుంచి, బొడ్డు కింది చర్మం నుంచి వచ్చే శోషరసం (లింఫ్ అనే పల్చటి ద్రవం) గజ్జల్లోని గ్రంథుల గుండా వెళ్తుంది. పుండులోని సూక్ష్మక్రిములను ఆ గ్రంథులు అక్కడ అడ్డుకుంటాయి. ఆ పనిలో అవి ఉబ్బుతాయి, నొప్పి పెడతాయి. పల్లెల్లో పెద్దవాళ్ళు "కాలికి దెబ్బ తగిలిందా, బిళ్ల కట్టింది" అనేది అందుకే. ఆ మాటలో వైద్యం ఉంది. చెప్పులు లేకుండా తిరిగే అలవాటున్నవారి గజ్జల్లో శనగగింజంత బిళ్లలు జబ్బేమీ లేకపోయినా చేతికి తగులుతూ ఉంటాయి.

కాబట్టి జాగ్రత్త పాదం దగ్గర మొదలుపెట్టాలి. నడకకు పది రోజుల ముందే మడమ పగుళ్ళు, కాలివేళ్ళ సందుల్లో నాని తెల్లబడిన పుండ్లు ఉన్నాయేమో చూసుకుని మాన్పుకోండి. గోళ్ళు లోపలికి కోసుకోకండి. ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే డాక్టరును అడగండి. తొడలు ఒరుసుకుపోయినా గజ్జల్లో బిళ్ల కడుతుంది. అందుకని వదులైన నూలు బట్టలు కట్టుకుని, తొడల మధ్య కొంచెం వాజిలిన్ రాసుకోండి. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారు మాత్రం దయచేసి వట్టి కాళ్ళతో నడవకండి. గాజుపెంకు దిగినా వారికి తెలియదు. మెత్తటి బూట్లు వేసుకున్నంత మాత్రాన అప్పన్న దయ తగ్గదని నా నమ్మకం.

బొబ్బ లేస్తే పైతోలు పీకవద్దు. చితికితే మంచినీళ్ళతో, సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టండి. ఆ పాదంతో సముద్రంలోకి, వాననీటి గుంటల్లోకి దిగకండి.

ఇన్ని చేసినా బిళ్ల కట్టిందనుకోండి. పుండుకు వైద్యం చేయించుకోండి, బిళ్లను వదిలేయండి. నొక్కిన కొద్దీ అది ఇంకా నొప్పి పెడుతుంది, ఆ నొప్పి చూసి మన భయం పెరుగుతుంది. నేను పోగొట్టుకున్న పది రాత్రుల నిద్ర అలా పోయిందే. మర్దనా చేయకండి, కాల్పించుకోకండి, మందుల షాపులో అడిగి మాత్రలు మింగకండి. డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకండి. పుండు మానిన తర్వాత కూడా బిళ్ల కరగడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. ఒక్కోసారి చిన్న గింజలా నెలల తరబడి మిగిలిపోతుంది. నొప్పి లేకుండా, పెరగకుండా ఉంటే దాని గురించి దిగులు పడనవసరం లేదు.

అయితే ప్రతి గడ్డా ఇదే కాదు. పాదం నుంచి పైకి ఎర్రటి చార పాకినా, చలిజ్వరం వచ్చినా, బిళ్ల మీద చర్మం ఎర్రబడి మెత్తబడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. దగ్గినప్పుడు ఉబ్బి, పడుకుంటే లోపలికి పోయేది హెర్నియా (పొట్ట గోడలోని సందులోంచి పేగు లాంటిది బయటికి పొడుచుకురావడం) కావచ్చు. అది లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పీ వాంతులూ మొదలైతే గంటలు లెక్కపెట్టకుండా విశాఖలోని కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కో, దగ్గరలో ఉన్న అత్యవసర విభాగానికో పరుగెత్తాలి. ఏ పుండూ లేకుండా వచ్చిన బిళ్ల, రాయిలా గట్టిగా కదలకుండా ఉన్నది, రెండు సెంటీమీటర్లు దాటి పెరుగుతున్నది, నాలుగు నుంచి ఆరు వారాలైనా ఏమాత్రం చిన్నది కానిది, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, మెడలో చంకల్లో కూడా బిళ్లలు: వీటికి పరీక్ష తప్పదు. క్షయ, లింఫోమా (శోషరస గ్రంథుల క్యాన్సర్) లాంటివి అలా బయటపడతాయి. మర్మాంగం మీద పుండు ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. లైంగికంగా సోకే వ్యాధులకు మంచి మందులున్నాయి.

మన ఉత్తరాంధ్ర తీరానికి ఇంకొక భయం కూడా ఉంది, బోదకాలు. మురికినీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోస్తుంది. మాటిమాటికీ జ్వరంతో గజ్జల్లో బిళ్ల కట్టి, కాలు వాస్తూ ఉంటే ఆ పరీక్ష అడగండి. క్రిములు రాత్రిపూటే రక్తంలోకి ఎక్కువగా వస్తాయి కాబట్టి స్లైడు పరీక్షకు రక్తం రాత్రే తీస్తారు.

ఆడవాళ్ళు ఈ నొప్పిని దాచుకోవడం నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. ప్రదక్షిణ చేసి వచ్చిన అమ్మనో అత్తయ్యనో "బిళ్ల కట్టిందా?" అని మీరే అడగండి. ఆ రాత్రి వారి అరికాళ్ళు దీపం వెలుగులో చూడండి. గోరువెచ్చని నీటిలో ముందు మీ చేయి పెట్టి వేడి చూసి, ఆ తర్వాతే వారి కాళ్ళు కడగండి. వేళ్ళ సందులు పొడిగా తుడవండి.