మిషిగన్ చలికి మా కారు పెయింటును ఇలా కాపాడుకున్నాను

మిషిగన్‌లో చలికాలం వచ్చిందంటే మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కారుకు అంటుకుని పెయింటును పాడుచేస్తుంది. మొదటి ఏడాది అక్టోబరులో కార్నూబా వ్యాక్స్ (ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం) పూసి నిశ్చింతగా ఉన్నాను. కారు అద్దంలా మెరిసింది. సంక్రాంతి నాటికి బానెట్ మీద నీళ్లు పోస్తే చుక్కలు కట్టడం మానేసి, పలచగా పరుచుకున్నాయి. అంటే వ్యాక్స్ పోయినట్టే. కార్నూబాతో మెరుపు బాగా వస్తుంది కానీ, మామూలుగా రెండు నెలలకు మించి నిలవదు.

మరుసటి ఏడాది సింథటిక్ సీలెంట్ (పెయింటు మీద రక్షణ పొరలా నిలిచే కృత్రిమ పూత) కొన్నాను. అసలు తేడా తెచ్చింది మాత్రం అది పూసే ముందు చేసిన పని. కారు కడిగాక కూడా తలుపు కింది భాగం మీద చేయి పెడితే గరుకుగా తగిలింది. సబ్బునీళ్లు చల్లి క్లే బార్‌తో, అంటే పెయింటుకు అంటుకున్న మురికిని లాగేసే మెత్తని మట్టిలాంటి ముద్దతో, మెల్లగా రుద్దితే ముద్ద నల్లబడింది, పెయింటు గాజులా నున్నగా అయింది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి, పాత జిడ్డంతా పోయేలా తుడిచాను. 10 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజు చూసుకుని, నీడలో పలచగా పూశాను. ఆ రాత్రంతా తడి తగలనివ్వలేదు.

మార్చిలో కడిగినప్పుడు కూడా నీళ్లు ముత్యాల్లా జారిపోయాయి. ఎంత సంతోషం వేసిందో! అయినా రెండు వారాలకోసారి కారు అడుగు భాగం కడిగిస్తూనే ఉన్నాను. అక్కడ చేరే ఉప్పును పైన పూసిన సీలెంట్ ఆపలేదు.