బిల్టీ (లారీ రసీదు) మీద సంతకం పెట్టేముందు: బరంపురం, రాయగడ వైపు నుంచి ఇల్లు మారేవాళ్లకు కిరాయి లెక్కలు

ఒడిశాలోని బరంపురం నుంచి విశాఖకి సామాను తరలించడానికి ముగ్గుర్ని అడిగితే, ఒకరు 14,000 అంటారు, ఒకరు 22,000, ఇంకొకరు 31,000. ముగ్గురూ ఒకే పనికి చెప్పిన రేట్లు కావవి. తక్కువ చెప్పినవాడు విశాఖలో తన గోదాము దాకానే తీసుకెళ్తాడేమో. మధ్యవాడి లెక్కలో జీఎస్టీ ఉండకపోవచ్చు. అందుకని ముందు సామాను జాబితా రాసుకుని, అదే జాబితా అందరికీ ఇచ్చి, ఏమేం కలిపి చెబుతున్నారో కాగితం మీద రాయించుకోండి. ఫోన్‌లో చెప్పిన రేటు బండి గుమ్మం ముందుకొచ్చేసరికి మారుతుంది. వీలైతే మనిషిని ఇంటికి పిలిచి సామాను చూపించండి, లేదంటే గదిగదికీ వీడియో తీసి పంపండి. అటక మీదివీ, మంచం కిందివీ చూపించడం మరిచిపోతే "అదనపు సామాను" పేరుతో తర్వాత కట్టాల్సి వస్తుంది.

తూకం కాదు, జాగా

ఇంటి సామానుకి తూకం కన్నా లారీలో అది తినే జాగాకే లెక్క. దాన్ని సీఎఫ్‌టీ అంటారు, అంటే ఘనపుటడుగులు. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి హెచ్చవేయాలి. 5.5 అడుగుల ఎత్తు, 2 అడుగుల వెడల్పు, 2.2 అడుగుల లోతు ఉన్న ఫ్రిజ్ 24.2 సీఎఫ్‌టీ అవుతుంది.

పార్ట్ లోడ్‌లో, అంటే మరికొందరి సామానుతో కలిపి పంపేటప్పుడు, ఈ అడుగుల్ని మళ్లీ కిలోల్లోకి మారుస్తారు. మోసపోయేది ఇక్కడే. సీఎఫ్‌టీకి 6 కిలోలని కట్టేవాళ్లున్నారు, 10 కట్టేవాళ్లూ ఉన్నారు. కాటా మీద 55 కిలోలు తూగే ఆ ఫ్రిజ్ మొదటి లెక్కలో 145 కిలోలు, రెండో లెక్కలో 242 కిలోలు. కిలోకి 6 రూపాయలే అన్నవాడు 10 చొప్పున కడితే 1,452 రూపాయలు. కిలోకి 9 అన్నవాడు 6 చొప్పున కడితే 1,307. కాబట్టి కిలో రేటు ఒక్కటే అడిగితే చాలదు, సీఎఫ్‌టీకి ఎన్ని కిలోలు కడతారో కూడా అడగాలి.

బిగించిన డబుల్ కాట్ 6.5, 5, 3 అడుగులైతే దాదాపు 98 సీఎఫ్‌టీ. విప్పి పలకలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే 20 లోపే. వడ్రంగికిచ్చే కూలి కిరాయిలో తిరిగొచ్చేస్తుంది. మరలన్నీ ఒక సంచిలో వేసి తలవైపు పలకకి కట్టేయండి. ఆ సంచి పోతే కొత్త ఇంట్లో మంచం నిలబడదు.

ఏ బండి, ఏ పర్మిట్

రెండు పడకగదుల ఇంటికి సాధారణంగా 14 అడుగుల బండి సరిపోతుంది, మూడు గదులైతే 17 అడుగులది. ఒక గది సామానైతే సుమారు 7 అడుగుల తొట్టి ఉండే టాటా ఏస్ చాలు. సరిహద్దు దాటాలి కాబట్టి పర్మిట్ సంగతి మనం అడిగి తెలుసుకోవాలి. బండి, సరుకు కలిపి 3,000 కిలోలు మించని గూడ్సు బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ కింద పర్మిట్ అక్కర్లేదు. అంతకన్నా పెద్దదైతే నేషనల్ పర్మిట్ ఉండాలి, ముందూ వెనకా ఆ మాటగానీ "ఎన్/పీ" అనిగానీ రాసి ఉండాలి. ఒడిశా వరకే పర్మిట్ ఉన్న బండిని తక్కువ కిరాయికి మాట్లాడుకుంటే, ఇచ్ఛాపురం దగ్గరో సుంకి దగ్గరో ఆగిపోతుంది. ఆ జరిమానా మీ నెత్తిన వేయాలని చూస్తారు.

"బోర్డర్ ట్యాక్స్", "ఎంట్రీ ట్యాక్స్" అని బిల్లులో వరస కనిపిస్తే దేనికని అడగండి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్ను చెక్‌పోస్టులు పోయాయి. వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసుకునే జీఎస్టీ పత్రం) కూడా అక్కర్లేదు, నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. పెట్టె విప్పని కొత్త టీవీ ఉంటే మాత్రం కొన్న బిల్లు దగ్గర పెట్టుకోండి, దాన్ని వాడిన సామాను అనరు. మోటారు సైకిల్ పంపేటప్పుడు పెట్రోలు పూర్తిగా తీయించాలి. ఆంధ్రలో 12 నెలలు మించి తిప్పేట్టయితే ఒడిశా ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని బయల్దేరడం మేలు, తర్వాత దానికోసం మళ్లీ వెనక్కి రావాలి.

గ్యాస్ సిలిండర్ లారీ ఎక్కదు. సిలిండరూ రెగ్యులేటరూ ఏజెన్సీకి ఇచ్చేసి బదిలీ కాగితం తీసుకోండి. ఆవకాయ జాడీలు, నూనె డబ్బాలు మీతోనే తెచ్చుకోండి. అవి కారి బట్టలు పాడైతే ఎవరూ పరిహారం ఇవ్వరు.

కొటేషన్‌లో కనిపించనివి

"డోర్ డెలివరీ" అని రాసి లేకపోతే గోదాము డెలివరీ అనే అనుకోండి. పాత బరంపురం వీధుల్లాంటి ఇరుకు సందుల్లోకి 14 అడుగుల బండి రాదు. సందు మొదట్లో ఆపి చిన్న బండిలోకి మార్చడానికి వేరే కిరాయి పడుతుంది. అటు చివర కొత్త ఇంటి దగ్గర కూడా ఇదే గొడవ. లిఫ్టు లేకపోతే అంతస్తుకింత అని హమాలీ అడుగుతారు. దింపే చోట స్థానిక హమాలీలే దింపాలని పట్టుబడితే ఆ కూలి ఎవరిదో ముందే రాయించాలి. ఏసీ విప్పి బిగించడం, గ్యాస్ నింపడం, అద్దాల బల్లకి చెక్కపెట్టె కట్టడం, ఇవన్నీ సాధారణంగా విడి ఖర్చులే. మీ వల్ల బండి ఆగితే హాల్టింగ్, గోదాములో సామాను ఉండిపోతే డెమరేజ్. రోజుకెంతో అంకె రాయించండి.

ప్యాకింగ్‌తో కలిపి చేసే పనికి సాధారణంగా 18 శాతం జీఎస్టీ వేస్తారు. "జీఎస్టీ అదనం" అంటే 20,000 కాస్తా 23,600. బిల్లు వద్దంటే ఆ 3,600 తగ్గిస్తామనేవాళ్లు దొరుకుతారు. ఒప్పుకోకండి, బిల్లు లేకపోతే రేపు అడగడానికి ఆధారం ఉండదు. వాళ్ల జీఎస్టీ నంబర్ 15 అక్షరాలది. మొదటి రెండంకెలు ఒడిశాకి 21, ఆంధ్రకి 37, తెలంగాణకి 36. జీఎస్టీ పోర్టల్లో కొట్టి చూస్తే పేరు, రిజిస్ట్రేషన్ నడుస్తోందా లేదా అన్నది కనిపిస్తుంది. పెద్ద కంపెనీ పేరుకి ముందో వెనకో ఒక మాట తగిలించుకున్నవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. అడ్వాన్సు పదో వంతు మించొద్దు. మొత్తం ముందే ఇచ్చేస్తే సామాను దారిలో ఆపి ఇంకా అడిగేవాడికి లోకువైపోతారు.

బిల్టీ, రిస్కు

లారీ రసీదునే మన వైపు బిల్టీ అంటారు. దాని వెనక సన్న అక్షరాల్లో "ఓనర్స్ రిస్క్", అంటే నష్టం సామాను యజమానిదే అని ఉంటుంది. అలా అచ్చేసినంత మాత్రాన తన నిర్లక్ష్యానికి రవాణాదారు బాధ్యత పోదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. అయితే ఎంత ఇవ్వాలన్నదానికి హద్దుంది. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, 2011 నిబంధనల ప్రకారం, రవాణాదారు ఎక్కువ బాధ్యత తీసుకునేందుకు అడిగే ఎక్కువ రిస్కు రేటు కట్టి విలువ రాయించకపోతే, పరిహారం కిరాయికి పది రెట్లు దాటదు. మీరు రాయించిన విలువనూ దాటదు. మీరు మొత్తం 25,000 కట్టి ఉండొచ్చు. అందులో ప్యాకింగ్, హమాలీ పోగా బిల్టీలో కిరాయి గడిలో 9,000 అని రాస్తే హద్దు 90,000 దగ్గరే ఆగుతుంది. ఆ గడి ఖాళీగా ఉంటే సంతకం చేయకండి.

"ఎఫ్‌వోవీ" అంటే సామాను విలువ మీద కంపెనీ తీసుకునే రిస్కు రుసుము, అది బీమా కాదు. చాలామంది విలువలో 1.5 నుంచి 3 శాతం దాకా అడుగుతారు. నిజమైన ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ అయితే బీమా కంపెనీ పేరుతో పాలసీ చేతికి రావాలి. అందులో క్లాజు చూడండి. "ఏ" అయితే అన్ని నష్టాలూ, పాలసీలో మినహాయించినవి తప్ప. "బీ" అయితే అగ్ని, పిడుగు, ఢీకొనడం, బోల్తా వంటివి. "సీ" అయితే అగ్ని, పిడుగు మాత్రమే. సుంకి ఘాట్ మలుపుల్లో బీరువా అద్దం పగిలితే "బీ" ఆదుకోదు. 4 లక్షల సామానుకి 2 లక్షలే రాయిస్తే, 40,000 నష్టానికి 20,000 అంటారు. మీరు స్వయంగా కట్టిన పెట్టెలో పగిలినవాటికి క్లెయిము సాధారణంగా నిలవదు.

ప్యాకింగ్ జాబితాలో వస్తువు పక్కన "పాతది", "గీతలున్నాయి", "పరీక్షించలేదు" అని రాసుకుపోతారు. టీవీ, వాషింగ్ మెషీన్ వాళ్ల ముందే ఆన్ చేసి చూపించి "పనిచేస్తోంది" అని రాయించండి.

ముహూర్తం, డెలివరీ

పార్ట్ లోడ్‌కి చెప్పే తేదీ అంచనా మాత్రమే, లారీ నిండితేగానీ కదలదు. పాలు పొంగించే రోజు సామాను ఉండాలనుకుంటే ఫుల్ లోడ్, అంటే బండి మొత్తం మీకే మాట్లాడండి, లేదా పొయ్యి, గిన్నె మీతో తీసుకెళ్లి మిగతాది వచ్చినప్పుడే రానివ్వండి. ఆషాఢంలో గిరాకీ తగ్గుతుంది, బేరానికి అదే అదను. శ్రావణం రాగానే, అందులోనూ నెలాఖరున, బేరమే ఉండదు.

దింపేటప్పుడు స్టిక్కరు నంబర్లు జాబితాతో సరిచూడండి. డెలివరీ కాపీ మీద "14వ పెట్టె నలిగింది, 22 రాలేదు" అని రాశాకే సంతకం. "అన్నీ సరిగా అందాయి" అన్న మాట అచ్చులో ఉంటే కొట్టేయండి. ఫొటోలు తీసుకోండి.

నష్టం తేలితే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రవాణాదారుకి రాతపూర్వక నోటీసు వెళ్లాలి, లేకపోతే ఆ చట్టం కింద దావా వేయడానికి వీల్లేదు. బీమా ఉంటే పాలసీలో రాసిన గడువు అంతకన్నా తక్కువే ఉంటుంది, అది వేరే చూసుకోండి. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పవచ్చు. వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు వేయాలి. 2019 చట్టం ప్రకారం మీరు ఇప్పుడు ఉంటున్న ఊళ్లోనే వేయవచ్చు, విశాఖకి మారినవాళ్లు బరంపురం తిరిగి రానక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. బిల్టీ, జాబితా, బిల్లు, నోటీసు పంపిన పోస్టు రసీదు, ఫొటోలు జతచేస్తే సరిపోతుంది.