నల్లగొండ పల్లెల్లో ఒక్కరోజు: చెట్టు కల్లు, నాటుకోడి, జొన్నరొట్టె

కల్లు అసలు రుచి తెలియాలంటే దుకాణంలో కాదు, చెట్టు కిందే తాగాలి. చలికాలమైతే ఈతకల్లు, ఎండలు మొదలైతే తాటికల్లు, అందుకే ఏది దొరుకుతుందో ముందురోజే గీసే ఆయనకు ఫోన్ చేసి అడగండి, ఊళ్లో తెలిసినవాళ్ల ఇంట్లో నాటుకోడి కూర, జొన్నరొట్టెలు కూడా అప్పుడే చెప్పి పెట్టుకోండి, పైసలు ముందే ఇవ్వండి.

పొద్దున్నే ఏడింటికల్లా తాటివనంలోనో ఈతవనంలోనో ఉండాలి. ఆయన మోకు వేసుకుని చెట్టెక్కి, లొట్టి దించి, నురగ పక్కకు ఊది మీ చేతిలోని తాటాకులో పోస్తాడు. అప్పుడది తియ్యగా ఉంటుంది. ఎండెక్కే కొద్దీ పులుస్తుంది, మత్తూ పెరుగుతుంది, కాబట్టి పొద్దున కొంచెం, రెండు మూడు గంటలయ్యాక కొంచెం తాగి చూస్తే తేడా నాలుకకే తెలుస్తుంది. అంతకు మించి వద్దు. నంజుకోవడానికి పోపు పెట్టిన గుడాలు (గుగ్గిళ్లు), పచ్చి ఉల్లిగడ్డ చాలు, నన్నడిగితే బోటి కూర కంటే ఇవే బాగా కుదురుతాయి.

మీ కళ్లముందు చెట్టు మీంచి దించకపోతే మాత్రం ముట్టుకోకండి. అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు ప్రాణాలు తీస్తుంది.

బండి నడిపేవాళ్లు అసలు తాగొద్దు, వాళ్లకు ఎండాకాలమైతే తాటిముంజలు ఇప్పించండి. ఇంటికి కొంచెం తెచ్చుకుంటే సీసా మూత బిగించకండి, దారిలో గ్యాస్ పుట్టి పగిలిపోతుంది.